ఫైబర్ బాండు లెక్క రెండో ఏడాదే ఎందుకు తప్పుతోంది?

తప్పు వడ్డీ రేటులో లేదు, వడ్డీ మొదలయ్యే తేదీలో ఉంది. పట్టణ ఫైబర్ ఇంటర్నెట్ కోసం రెవెన్యూ బాండు (ఆ నెట్‌వర్క్ ఆదాయంతోనే తీర్చే అప్పు) జారీ చేస్తే, మీ లెక్కలో రెండో ఏడాదికే వాయిదాకు డబ్బు చాలడం లేదన్నారు కదా. బాండు అమ్మిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. చందా మాత్రం కేబుల్ ఇంటికి చేరాకే వస్తుంది.

1. ఐదేళ్లకు 40 శాతం ఇళ్లు చందాదారులవుతాయని లెక్కల పట్టికలో ఒకే గడిలో వేయకుండా, ఏడాదివారీగా విడగొట్టండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నిర్మాణ కాలపు వడ్డీని, ఆపై మరో ఏడాది వడ్డీని కూడా బాండు మొత్తంలోనే కలిపి తీసుకోండి. అసలు చెల్లింపును ఆ తర్వాతే మొదలుపెట్టండి. అప్పు పెరుగుతుంది, నిజమే. కానీ మధ్యలో చేతులెత్తేయడం కంటే నయం. అమెరికాలోని ప్రోవో నగరం బాండ్లతో కట్టిన నెట్‌వర్క్‌ను 2013లో గూగుల్‌కు ఒక్క డాలరుకే ఇచ్చేసింది, బాకీ మాత్రం ఊరి నెత్తినే మిగిలింది.

3. వీధి నుంచి ఇంటికి లాగే తీగ ఖర్చు చందాదారు చేరినప్పుడే పడాలి, ముందే కాదు.

4. నిర్వహణ ఖర్చు పోగా మిగిలేది వాయిదాకు 1.25 రెట్లు ఉందేమో చూడండి. బాండు కొనేవాళ్లు సాధారణంగా చూసేది అదే.

గ్రాంటు వస్తే నిర్మాణ ఖర్చులోంచి తీసేయండి, ఏటా వచ్చే ఆదాయంలో వేయకండి.