బండి లాగట్లేదన్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. సబ్బవరం క్వారీలో పొక్లెయిన్లూ, జేసీబీ నీ చేతికి అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఇన్నాళ్లూ గాజువాక ఆటోనగర్లో నా పక్కన నిలబడి పని నేర్చుకున్నావు. క్వారీలో నీ పక్కన ఎవరూ ఉండరు. ఆపరేటరు, సూపర్‌వైజరు, ఓనరు, ఖాళీగా నిలబడ్డ టిప్పర్ల డ్రైవర్లు అందరూ నీ చేతుల వంకే చూస్తుంటారు. ఆ ఒత్తిడికి వెంటనే ఏదో ఒకటి విప్పేయాలనిపిస్తుంది. అలా విప్పకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పూర్తిగా ఆగిపోయిన బండితో పెద్ద చిక్కు లేదు. "నడుస్తోంది గానీ లాగట్లేదు" అన్న బండితోనే అసలు కష్టం. ఒకరు డీజిల్ చిమ్మే నోజిల్స్ అంటారు, ఇంకొకరు ఇంజనులోకి గాలి నెట్టే టర్బో అంటారు, మూడో మనిషి వచ్చి హైడ్రాలిక్ నూనెని తోసే మెయిన్ పంపు పోయిందని తేల్చేస్తాడు. మెయిన్ పంపంటే లక్షల్లో మాట. కొలవకుండా చెప్పిన మాట ఎవరిదైనా నమ్మకు, నాదైనా సరే.

మొదట ఒక్క సంగతి తేలాలి. ఇంజను అలిసిపోతోందా, లేక ఇంజను బాగానే ఉండి, నూనె ఒత్తిడితో బకెట్‌నీ ట్రాకుల్నీ కదిపే హైడ్రాలిక్ నీరసించిందా? ఇది తేలితే పని సగం అయినట్టే. తేలకుండా ఏ పైపు విప్పినా చీకట్లో రాయి విసిరినట్టే.

దానికి ముందు ఆపరేటర్‌తో నింపాదిగా మాట్లాడు. రోజంతా సీట్లో కూర్చునేవాడికి తెలిసినంత మనకి తెలియదు. ఎప్పటినుంచి, ఉదయం చల్లగా ఉన్నప్పుడా మధ్యాహ్నం వేడెక్కాకా, అన్ని పనులూ నెమ్మదించాయా ఒక్క బూమేనా (బండికి తగిలించిన పెద్ద చేయి), ఈమధ్య సర్వీసు ఏం జరిగింది, డీజిల్ ఎక్కడ పోయించారు, అన్నీ అడుగు. తర్వాత నువ్వే క్యాబిన్లో కూర్చుని పవర్ మోడ్, థ్రాటిల్ డయల్ చూడు. ఎకానమీ మోడ్‌లో ఉండిపోయిన బండికి పంపు విప్పబోయిన వాళ్లని నేను చూశాను.

ఇక అసలు పరీక్ష. హైడ్రాలిక్ ఆయిల్ 50 డిగ్రీల దాకా వేడెక్కనివ్వు. థ్రాటిల్ ఫుల్ పెట్టి, లోడ్ లేనప్పుడు ఆర్‌పీఎం ఎంతో రాసుకో. తర్వాత బూమ్, దాని చివరుండే ఆర్మ్ రెండూ చివరిదాకా తీసుకెళ్లి, లివర్లు అలాగే రెండు మూడు సెకన్లు పట్టమను. అంతకుమించి వద్దు, ఆయిల్ కాలిపోతుంది. ఒత్తిడి హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వ్ తెరుచుకున్న ఆ క్షణంలో ఆర్‌పీఎం కొంచెం తగ్గడం మామూలే. ఎంత తగ్గాలో మాన్యువల్లో ఉంటుంది. అంతకంటే బాగా పడిపోయి ఇంజను మూలుగుతుంటే చాలావరకు ఇంజను వైపు చూడాలి. ఆర్‌పీఎం కదలకుండా నిలబడి, బకెట్ మాత్రం ఈడ్చుకుంటూ వస్తుంటే హైడ్రాలిక్ వైపు. పంపు నూనెని గట్టిగా తోయడం లేదు కాబట్టి ఇంజను మీద బరువు పడట్లేదు, అందుకే దానికి అలుపు లేదు.

ఇంజను వైపని తేలితే సైలెన్సర్ వంక చూడు. లోడ్‌లో నల్ల పొగ దండిగా వస్తుంటే డీజిల్ వెళుతోంది, దానికి చాలినంత గాలి అందట్లేదు. పొగ పెద్దగా లేకుండానే ఆర్‌పీఎం పడిపోతుంటే డీజిలే అందట్లేదు. నీలం పొగైతే ఇంజనాయిల్ కాలుతోంది. తెల్ల పొగైతే డీజిల్ సరిగ్గా మండట్లేదు, లేదా సిలిండర్లోకి నీళ్లు చేరుతున్నాయి.

గాలి సంగతి ముందు చెబుతాను. నీ క్వారీలో రాతిపొడి, పోర్టు వైపు పనికెళితే బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం పొడి. ఫిల్టర్ ఇండికేటర్ ఎర్రబడిందేమో చూడు. వాక్యూమ్ గేజి పెడితే చాలా ఇంజన్లు 25 అంగుళాల నీటి మట్టం (గాలి పీల్పుకి అదే కొలత) దాకా ఓర్చుకుంటాయి, అది దాటితే ఫిల్టర్ మార్చాల్సిందే. కంప్రెసర్ పైపు దగ్గరగా పెట్టి గట్టిగా ఊదడం, టైరుకేసి కొట్టడం మన దగ్గర పెద్ద జబ్బు. కాగితానికి కంటికి కనపడని చిల్లు పడితే ఆ దుమ్మంతా టర్బో రెక్కల్నీ, లైనర్లనీ అరగదీస్తుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ని ఊదనే కూడదు, మార్చడమే. ఫిల్టర్ బాగుంటే టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోసులు, క్లాంపులు చూడు. వాటి చుట్టూ నూనె తడి మీద దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ గాలి కారుతోంది. సబ్బు నీళ్లు రాసి చూస్తే బుడగలు పట్టిస్తాయి. టర్బో షాఫ్ట్‌ని చేత్తో ఆడించేది ఇవన్నీ అయ్యాకే, అదీ ఇంజను ఆపి, చల్లారాక.

డీజిల్ సంగతికొస్తే, ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పరవాడ దగ్గర ఒక బండి ఉదయం ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా తవ్వేది. తర్వాత మెల్లగా నీరసించి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఎప్పట్లాగే. ఒక వర్క్‌షాపు వాళ్లు అప్పటికే ఫ్యూయల్ పంపు కాలిబ్రేషన్ చేయించి బిల్లేశారు. మేం వెళ్లి, బండి నీరసపడుతున్న సమయంలో డీజిల్ ట్యాంకు మూత వదులు చేశాం. బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఇంజను లేచి కూర్చుంది. మూతలో ఉండే గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయింది, అంతే. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, పంపు లాగలేకపోతోంది. మూత కడిగితే సరిపోయింది. ఆ ఓనరు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది.

అందుకని డీజిల్ వైపు ఎప్పుడూ ట్యాంకు నుంచి మొదలుపెట్టి పంపు దాకా రా. మూత, ట్యాంకు లోపలి జాలీ, వాటర్ సెపరేటర్, ప్రైమరీ ఫిల్టర్, హోసులు. మనది సముద్రపు గాలి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రంతా తేమ చేరి నీరవుతుంది, ఆ నీళ్లలో నల్లటి జిగురు పెరిగి ఫిల్టర్లని మూసేస్తుంది. సాయంత్రం ట్యాంకు నింపించు, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలమను. పాత రబ్బరు హోసు మరీ మాయదారిది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి, పంపు లాగినప్పుడల్లా అడ్డం పడుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటే విప్పే ఓపిక లేకపోతే, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి కొంచెం ఎత్తులో పెట్టి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకి నేరుగా పారదర్శకమైన గొట్టం కలుపు. బండి బాగా లాగితే లోపం ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యలోనే ఉంది. గొట్టంలో బుడగలు కనిపిస్తే ఎక్కడో గాలి పడుతోంది. ఇంత సులువైన పరీక్ష మానేసి నోజిల్స్ విప్పడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నోజిల్స్ అన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, విను. పాత మెకానికల్ ఇంజన్లలో రన్నింగ్‌లో ఒక్కో నోజిల్ నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూసేవాళ్లం. డీజిల్‌ని ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో నిలిపి ఉంచే కామన్ రైల్ ఇంజన్ దగ్గర ఆ పని చచ్చినా చేయకు. అక్కడ డీజిల్ ఒత్తిడి 1,600 బార్, ఆపైన కూడా ఉంటుంది, చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పొగ బయటికి వెళ్లే మ్యానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ దగ్గర వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడు. మిగతావాటికంటే చల్లగా ఉన్నదే బద్ధకిస్తోంది.

2021 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-4 (పొగ కాలుష్య నిబంధన) బండ్లలో ఇంకో సంగతి ఉంది. ఏ సెన్సార్ తప్పు చెప్పినా, నీళ్లు వేడెక్కినా, కొన్నింట్లో పొగ శుభ్రం చేసే యూరియా ద్రవం అయిపోయినా, కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. ఇంజన్‌లో ఏ జబ్బూ ఉండదు. సముద్రం పక్కన పనిచేసిన బండ్లలో కనెక్టర్ పిన్నులకి చిలుము పట్టి ఇలా ఎక్కువ జరుగుతుంది. రేడియేటర్, ఆయిల్ కూలర్ జల్లెడలు దుమ్ముతో పూడినా అంతే. తక్కువ ఒత్తిడితో, ఫ్యాన్ గాలి తోసే వైపుకి ఎదురుగా కడగాలి.

హైడ్రాలిక్ వైపని తేలితే అన్ని పనులూ నెమ్మదా, ఒక్కటేనా అన్నది మొదటి ప్రశ్న. ఒక్క ఆర్మే నెమ్మదైతే పంపు జోలికి పోకు. దాని సిలిండర్ సీలు, దాని ఒక్కదాని రిలీఫ్ వాల్వ్ (పోర్ట్ రిలీఫ్), దానికి నూనె దారి తెరిచే స్పూల్ చూడు. ఒక్క ట్రాకే (బండి నడిచే గొలుసు పట్టా) వెనకబడుతుంటే దాన్ని తిప్పే ట్రావెల్ మోటరు, పై భాగం నుంచి కిందికి నూనె చేర్చే సెంటర్ జాయింటు చూడు. అయితే చాలా బండ్లలో ఒక్కో ట్రాకుకి ఒక్కో పంపు. రెండు పంపుల హోసులూ అటూ ఇటూ మార్చి చూడు. జబ్బు రెండో వైపుకి వెళితే పంపుది. ఉన్నచోటే ఉంటే దాని తర్వాతిది.

అన్నీ నెమ్మదైతే ఆయిల్ మట్టం, రంగు చూశాక మెయిన్ ప్రెషర్ కంటే ముందు పైలట్ ప్రెషర్ (లివర్ల ఆజ్ఞని స్పూళ్లకి మోసే చిన్న ఒత్తిడి) కొలువు. 20 టన్నుల తరగతి బండ్లలో పైలట్ సుమారు 40 బార్, మెయిన్ సుమారు 350 బార్ ఉంటుంది, నీ బండి లెక్క మాన్యువల్లో సరిచూసుకో. పైలట్ పడిపోతే స్పూళ్లు పూర్తిగా తెరుచుకోవు, బండి మొత్తం మందగిస్తుంది. మెయిన్ పంపు పాపం నింద మోస్తుంది. రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు నూనె ఎంత వేగంగా పారుతోందో (ఫ్లో) చూడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి బూమ్ ఎత్తడానికి ఎన్ని సెకన్లో, ట్రాకు గాల్లోకి లేపి మూడు చుట్లు తిరగడానికి ఎన్ని సెకన్లో కొలిచి మాన్యువల్‌తో పోల్చు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక నీరసిస్తే లోపల అరిగి లీకవుతోందని అనుమానించు. అప్పుడు కేస్ డ్రెయిన్ (పంపు, మోటరు లోపల కారి వేరే పైపులో తిరిగొచ్చే నూనె) ఎంత వస్తుందో కొలిచి, ఫిల్టర్ కోసి చూడు. ఇత్తడి రజను మెరిస్తే పంపు లేదా మోటరు అరుగుతోంది, అప్పుడు ఓనరుకి ధైర్యంగా చెప్పవచ్చు.

మన కొండల రాయి మీద బ్రేకర్ కొట్టే బండికి ఆయిల్, ఫిల్టర్లు బకెట్ బండి కంటే చాలా ముందే మార్చాలి. ఈ విషయంలో ఓనరు ఎంత గొణిగినా వెనక్కి తగ్గకు.

ఇంకో చిక్కు ఉంది. గాలి, డీజిల్, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) అన్నీ సరిగ్గా ఉండి కూడా ఇంజను పడిపోతుంటే, ఎవరో హైడ్రాలిక్ పంపు ఎంత నూనె తోయాలో నిర్ణయించే రెగ్యులేటర్ స్క్రూ తిప్పి ఉండొచ్చు. పంపు ఇంజను మోయగలిగిన దానికంటే ఎక్కువ అడుగుతోందన్నమాట. లాక్ నట్టు మీద కొత్త స్పానర్ గుర్తులు వెతుకు.

జేసీబీకి స్టాల్ పరీక్ష చాలు. బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో వేసి, ఫుల్ రేస్‌లో కొన్ని సెకన్లు ఆర్‌పీఎం చూడు. మాన్యువల్లో చెప్పిన లెక్క కంటే తక్కువైతే ఇంజనుది లోపం, ఎక్కువైతే ఇంజను శక్తిని గేర్లకి అందించే కన్వర్టర్ లేదా క్లచ్ జారుతోంది. ముందు మనుషులెవరూ ఉండకూడదు. దానికంటే ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదులుతోందో చూసుకో. 900 మీటర్ల పైన ఉన్న అరకు వైపు పనికి పంపితే, టర్బో లేని పాత బండికి పదో వంతు పవర్ తగ్గడం సహజం, దానికి వైద్యం అక్కర్లేదు.

గేజి బిగించేటప్పుడు బకెట్ నేల మీద పెట్టి, ఇంజను ఆపి, కీ ఆన్‌లో ఉంచి లివర్లు అన్ని వైపులా కదిపి, ట్యాంకు గాలి వదిలాకే పైపు ముట్టుకో. లీకు చేత్తో వెతకకు, అట్టముక్కతో వెతుకు. వేలికి సూది గుచ్చినంత గాటు పడినా, నొప్పి లేకపోయినా, ఆ నిమిషమే కేజీహెచ్‌కో దగ్గరున్న పెద్దాసుపత్రికో వెళ్లి నూనె ఒత్తిడితో లోపలికి పోయిందని చెప్పు. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. నీ సంగతే కాదు, హెల్పర్లకి కూడా ఇది మొదటి రోజే చెప్పు.

ఆటోనగర్‌కి వచ్చినప్పుడు 60 బార్‌ది ఒకటి, 600 బార్‌ది ఒకటి, రెండు గేజిలు కొనుక్కో, అడాప్టర్లు నా దగ్గరున్నవి ఇస్తాను. ఏదైనా ఎర్రర్ కోడ్ పడితే క్లియర్ చేయకముందే ఫొటో తీసి నాకు పంపు, రాత్రైనా పర్లేదు.

ఇట్లు,
మీ పెద్దమావయ్య,
గాజువాక