చిన్న మాటకే రోజుల తరబడి కుమిలిపోతున్నా.. ఎలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అకౌంటెంట్‌గా చేస్తున్నా. మేనేజర్ ఒక్క మాట అన్నా రాత్రంతా అదే తలలో తిరుగుతుంది. నిద్ర పట్టదు. ‘తప్పు నాదేనా?’ అని మా ఆయన్ని పదేపదే అడుగుతుంటా. మనసు గట్టిపడాలంటే ఏం చేయాలి?
- ఓ సోదరి, వరంగల్

జవాబు: మీ మనసు బలహీనమైందని అనుకోకండి. అన్న మాటను తవ్వుకునే అలవాటే మిమ్మల్ని కుంగదీస్తోంది. ‘అలా ఎందుకన్నారు, నేనేం అనాల్సింది’ అని ఆలోచిస్తుంటే ఏదో పరిష్కారం వెతుకుతున్నట్టే ఉంటుంది. అందుకే ఇది ఓ పట్టాన వదలదు. తలచుకున్నప్పుడల్లా గుండె దడ, ఒళ్లు బిగుసుకోవడం మళ్లీ మొదలవుతాయి. నిద్ర చాలక మర్నాడు చిన్న మాటకూ మనసు గాయపడుతుంది.

‘ఆలోచించకూడదు’ అని బిగబట్టకండి, అణిచేకొద్దీ ఎక్కువవుతుంది. దానికంటూ ఓ వేళ పెట్టండి. రోజూ సాయంత్రం 20 నిమిషాలు నోటుబుక్కుతో కుర్చీలో కూర్చోండి. మంచం మీద వద్దు, పడుకునే ముందు అసలే వద్దు. పేజీకి ఎడమవైపు జరిగింది మాత్రమే రాయండి: ‘ఒక కొనుగోలు బిల్లు వదిలేశానని అందరి ముందూ అన్నారు’. కుడివైపు మీరు దానికి కలుపుకొన్న అర్థం: ‘నేను దేనికీ పనికిరాను’. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, దాంతో అదీ తవ్వుకోవడమే అవుతుంది. కింద రేపు చేయగల పని ఒక్కటి రాయాలి: ‘జీఎస్టీ రిటర్ను వేసే ముందు బిల్లులన్నీ 2బీ (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా)తో సరిచూడాలి’. చేయగలిగిందేమీ లేకపోతే ఆ మాటే రాసి పుస్తకం మూసేయండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే ఒక్క ముక్క రాసుకుని సాయంత్రానికి వాయిదా వేయండి. మొదటి వారం అది వాయిదాకు లొంగదు. మూడు నాలుగు వారాలైనా విడవకుండా చేయండి.

మీవారు ‘నీ తప్పేం లేదు’ అనగానే హాయిగా ఉంటుంది, కాసేపటికే మళ్లీ సందేహం వస్తుంది. ఆ హాయి కోసమే మళ్లీ అడుగుతారు. ఒక్కసారిగా మానేయక్కర్లేదు. అడగాలనిపించినప్పుడు అరగంట ఆగండి, తర్వాత గంట. అడిగినా ‘సాయంత్రం రాసుకో’ అని మెల్లగా చెప్పమని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

రాత్రి ఫోన్ హాల్లో పెట్టండి. సుమారు 20 నిమిషాలకీ నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి, కళ్లు మూతపడుతుంటేనే మంచమెక్కండి. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ వద్దు. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

ఒక్క మాట. మేనేజర్ రోజూ అవమానిస్తుంటే మాత్రం అది మీరు ఓర్చుకోవాల్సింది కాదు. తేదీలతో రాసి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజంతా ఉంటే సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలూ చేయించుకోండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.