మీ నాయిన ఎక్కడ కూర్చున్నాడు?

నల్లగొండ

తమ్మీ,

నీ కథ అందింది. మొదటిసారి చదివి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్ళీ తీసి చదివితే కోపమొచ్చింది. కోపమొచ్చింది కాబట్టే ఈ ఉత్తరం. లేకుంటే 'బాగుంది, రాస్తూ ఉండు' అని ఫోన్లో మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను.

నీ హీరో నారాయణపేట దిక్కు పల్లె నుంచి వచ్చి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఒకరోజు బాత్రూంలో అద్దం ముందు నిలబడి 'నేనెవరు?' అనుకుంటాడు. రెండు పేజీల పొడుగునా అదే అనుకుంటాడు. శూన్యం అంటాడు, మూలాలు అంటాడు. అస్తిత్వం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టబోయి మధ్యలోనే మానేశాను. ఆ రెండు పేజీలకు ముందు ఒక వాక్యం ఉంది, నువ్వు రాసి మర్చిపోయినట్టున్నావు. 'ఊరి నుంచి వచ్చిన నాన్న సోఫా పక్కన కింద కూర్చున్నాడు.' అంతే. తర్వాతి వాక్యంలో నీ హీరో స్నానానికి పోయాడు.

కథంతా అక్కడ కూర్చొని ఉంటే దాన్ని వదిలేసి బాత్రూంలోకి పోతావేందయ్యా!

పుణేలో, భివండీలో మట్టి పని చేసి కొడుకును చదివించిన మనిషి అని నువ్వే రాశావు. ఆ సోఫా కొడుకు ఈఎంఐ కట్టి కొన్నది. ఖాళీగా ఉంది. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అయినా ఆయన కింద కూర్చున్నాడు. తువ్వాలతో టైల్స్ తుడుచుకుని కూర్చున్నాడా? సోఫాకు వీపు ఆనించాడా, ఆనిస్తే మాసిపోతుందని ముందుకు జరిగాడా? 'పైన కూసో నాయినా' అని కొడుకు అన్నాడా? అన్నా ఆయన లేవకపోతే, తానూ దిగి పక్కన కూర్చున్నాడా, లేక సోఫాలోనే ఉండి తండ్రి నడినెత్తి చూస్తూ మాట్లాడాడా? కోడలు టీ తెచ్చినప్పుడు కప్పు టీపాయ్ మీద పెట్టిందా, వంగి చేతికిచ్చిందా? ఆ సమయానికి ఆఫీసు వాళ్ళెవరన్నా తలుపు కొడితే ఏమయ్యేది? నాకు ఇవి కావాలి.

నాకు దీని మీద ఒక పిచ్చి ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. నేను బస్సు కండక్టరుగా దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి రూట్లలో టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి. బస్సెక్కిన మనిషి నోరు విప్పకముందే తానెవరో చెప్పేస్తాడు. ఏ సీటు వైపు చూస్తాడు, ఏ సీటు వైపు చూడనే చూడడు, అది చాలు. పండగకు బొంబాయి నుంచి తిరిగొచ్చే కూలీలు ఎక్కేవాళ్ళు. సంచులు, ప్లాస్టిక్ డబ్బాలు, చంకలో నిద్రపోయే పిల్ల. సీట్లు ఖాళీగా ఉన్నా వెనక మూటల మీదే కూర్చునేవాళ్ళు. 'సీట్ల కూసోండ్రి, పైసలు ఒక్కటే' అంటే 'ఏం కాదు సారూ, గీడ మంచిగనే ఉంది' అనేవాళ్ళు. అదే బస్సులో, మోటార్‌సైకిల్ చెడిపోయి ఎక్కిన ఊరి పెద్దమనిషి, బస్సు కిక్కిరిసి ఉన్నా నేరుగా ముందుకు నడిచేవాడు. ఎవరో ఒకరు లేస్తారని ధీమా. లేచేవాళ్ళు కూడా. ఆయన అడగడు, లేచినవాడికి ఎవరూ చెప్పరు.

అందుకే నాది ఒకటే రూలు. పాత్రకు పేరు పెట్టకముందే అది ఎక్కడ కూర్చుంటుందో తేల్చుకో. ఎవరి ముందు లేస్తుంది, ఎవరి ముందు కాలు మీద కాలు వేసుకుంటుంది, ఎవరింట్లో గడప దాకానే పోతుంది. ఇది తేలితే లోపలి మనసు దానంతటదే బయటపడుతుంది. అన్నింటికీ ఇదొక్కటే మందంటే ఎట్లా అని మా మిత్రులు దెప్పుతారు. దెప్పనీ.

ఇక్కడ సైకాలజీ చెప్పిన ఒక లెక్చరర్ మిత్రుడున్నాడు. నీ కథలో అద్దం గురించి చెప్తే నవ్వి, చార్లెస్ కూలీ అనే అమెరికన్ 1902లోనే ఆ అద్దం సంగతి తేల్చేశాడన్నాడు. కూలీ చెప్పిన అద్దం గోడకు తగిలించేది కాదు, ఎదుటి మనుషులే. వాళ్ళకు మనం ఎట్లా కనబడుతున్నామో ఊహించుకుంటాం, చూసి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాం, దాన్నిబట్టి గర్వమో సిగ్గో పుడుతుంది. మనిషికి 'నేను' అనేది అట్లా తయారవుతుందట. ఇప్పుడు మీ హాలులోకి రా. తండ్రికి కొడుకే అద్దం, కొడుక్కి అపార్ట్‌మెంట్ వాళ్ళు అద్దం. ఇద్దరూ ఒకే గదిలో ఉండి వేరువేరు అద్దాల్లో చూసుకుంటున్నారు. ఇంత సరుకు ఉండగా బాత్రూం అద్దం దేనికి?

ఆ మిత్రుడే ఇంకోటి చెప్పాడు. కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అని ఇద్దరు 1954లో ఒక పరీక్ష పెట్టారు. 'నేనెవరు?' అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయమంటారు. నాకు సరదా పుట్టి మల్లేపల్లి స్టేజీ దగ్గర బస్సు కోసం కూర్చున్న ఒక ముసలమ్మను 'అమ్మా, నువ్వెవరో చెప్పు' అని అడిగాను. ముందు ఊరు చెప్పింది. తర్వాత ఇంటిపేరు, పెనిమిటి తండ్రి పేరు, కొడుకులు, బిడ్డనిచ్చిన ఊరు, అల్లుడు చేసే పని. 'అది సరే, నీ సంగతి చెప్పు' అంటే అనుమానంగా చూసి, 'పింఛన్ కోసమా బిడ్డా? కాయిదాలు ఇంటికాడున్నయ్' అంది. ఆ తల్లికి తనను గురించి వేరుగా చెప్పుకోవడానికి ఏమీ లేదని కాదు. అట్లా అడిగేవాళ్ళు అప్పటిదాకా ఆఫీసోళ్ళు తప్ప ఎవరూ రాలేదు.

మార్కస్, కితయామా అనే వాళ్ళు 1991లో రాసిన వ్యాసం ఒకటి ఉంది, చాలా పేరున్నది. అమెరికా వాళ్ళు తమను విడిగా నిలబడిన మనుషులుగా చూసుకుంటారని, జపాన్ లాంటి చోట్ల మనుషులు తమను సంబంధాల్లో చూసుకుంటారని వాళ్ళ వాదన. నా మిత్రుడికి ఇది వేదం. మన దగ్గర ఈ మాట వినగానే 'అదే మన సంస్కృతి, మన ఆత్మీయత' అని మురిసిపోయేవాళ్ళు తయారవుతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. సంబంధం అంటే ప్రేమ ఒక్కటే కాదు కదా. నువ్వు ఫలానా వాళ్ళ కొడుకువి అని గుర్తుపట్టిన నోరే, కాబట్టి నీ చోటు ఇక్కడ, అని కూడా అంటుంది. ఊరు నిన్ను దగ్గరికి తీసుకునేదీ దూరం కూర్చోబెట్టేదీ ఒకే ఊపిరిలో.

మా నాయిన సంగతి చెప్తాను. 1995 పంచాయతీ ఎన్నికల్లో రిజర్వేషన్ వచ్చి ఆయన వార్డు మెంబరయ్యాడు. మొదటి మీటింగుకు నేను వెంట పోయాను. ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆయన కూర్చున్నాడు, కానీ కుర్చీ ముందు అంచు మీద. బరువంతా ముందు కాళ్ళ మీద పడి వెనక కాళ్ళు గచ్చు మీద నుంచి అంగుళం లేచి ఆడుతున్నాయి. నాకు మీటింగు వినబడలేదు, ఆ కుర్చీ కాళ్ళే చూస్తున్నాను, పడతాడేమోనని టెన్షన్. అంతలో పాత పటేలు కొడుకు లోపలికొచ్చాడు. తాత తండ్రుల నుంచి ఊరి పెత్తనం చేసిన పటేల్ పట్వారీల హోదా 1980లలోనే పోయింది. ఆ వచ్చినవాడు మెంబరు కూడా కాదు. మా నాయిన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక కాళ్ళు టక్కున నేలకు కొట్టుకున్నాయి. చట్టం రాసినవాళ్ళు కుర్చీ ఇచ్చారు, ఆ మోకాళ్ళకు మాత్రం కొత్త చట్టం ఇంకా అందలేదు.

దాని మీద కథ రాసి హైదరాబాద్ తీసుకుపోయాను. ఏ పత్రికో చెప్పను. ఎడిటరు గారు టేబుల్ అవతల, నేను ఇవతల. గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోమనలేదు. ఆయన చదువుతున్నంతసేపూ నిలబడ్డాను. 'మీ వైపు కథల్లో కరువూ కన్నీళ్ళూ తప్ప ఏముండవా?' అన్నాడు. నా కథలో కన్నీటి చుక్క కూడా లేదు. చివరికి వేసుకున్నారు. తీరా చూస్తే కుర్చీ కాళ్ళ పేరా లేదు, 'అనవసర వర్ణన' అని తీసేశారట. దాని బదులు చివర్లో మా నాయిన చేత ప్రజాస్వామ్యం మీద చిన్న ఉపన్యాసం ఇప్పించారు. ఊళ్ళో అది చదివిన ఒకరు 'మీ నాయిన గింత మాట్లాడెటోడా?' అన్నారు.

ఇప్పటి ఎడిటర్ల జబ్బు వేరు. 2014 తర్వాత అందరికీ 'తెలంగాణ కథ' కావాలి. కావాలంటే మంచిదే. కానీ వాళ్ళకు కావలసింది బతుకమ్మ, సకినాలు, పీర్ల పండుగ, నాలుగు యాస మాటలు. బతుకమ్మ చుట్టూ ఎవరు తిరుగుతున్నారు, ఎవరు వేరే బతుకమ్మ పెట్టుకుని వేరే చోట ఆడుతున్నారు అని రాస్తే మాత్రం 'ఇది పండగ సంచికకు పనికిరాదండీ' అంటారు. నీ కథలో కూడా ఎక్కడి నుంచో సకినాలు వచ్చి పడ్డాయి. తీసెయ్.

ఎవరో ఏదో అంటే అప్పుడు మనం ఎవరమో తెలుసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, మన పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. నాకు గర్వమే. కానీ ఆ మాట రాకపోయి ఉంటే వాళ్ళలో ఎంతమంది తమను తెలంగాణ కవి అనుకునేవాళ్ళు? ఒకరు గద్వాల సంస్థానం కవి, ఒకరు వనపర్తి కవి, ఒకరు ఫలానా ఊరి అవధాని. లేరన్న మాటే వాళ్ళందరినీ ఒక బంతిలో కూర్చోబెట్టింది. నీ హీరో తండ్రి కూడా అంతే చూడు. ఊళ్ళో ఉన్నంతకాలం ఆయనకు ఊరి పేరే ఉంది. పని కోసం పొలిమేర దాటాక 'పాలమూరు లేబర్' అయ్యాడు. ఆ పేరు పెట్టింది బయటివాళ్ళు. 2019లో నారాయణపేట విడి జిల్లా అయినా ఆయన్ని పుణేలో అడిగితే పాలమూరోణ్ణే అంటాడు. దీని మీద నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

అయితే మనిషి కూర్చోబెట్టిన చోటే కూర్చుంటాడని నేననడం లేదు. మా నాయనమ్మ నిజాం కాలంలో దొరల మీద తిరగబడ్డ సంఘం రోజుల గురించి చెప్పేది. 1946 జులై 4న కడవెండిలో ఆ సంఘం మనిషి దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినప్పుడు ఆమె పెళ్ళీడు పిల్ల. అప్పుడు కడవెండి కూడా మన నల్లగొండ జిల్లాలోదే. ఉపన్యాసాలు, తీర్మానాలు ఆమెకు ఒక్కటీ గుర్తులేవు. గుర్తున్నది ఒకటే. దొర గుర్రం మీద వాడలోంచి పోతుంటే ఒకతను నులక మంచం మీద నుంచి లేవలేదట. 'లేవకుంటే లేవలే. కాని ఆని కాళ్ళు వణికినయ్ బిడ్డా, నేను చూసిన' అనేది. రాయాల్సింది ఆ వణుకు. మా వాళ్ళు రాసిన విప్లవ కథల్లో ఎవరి కాళ్ళూ వణకవు, అందుకే అవి నాకు నచ్చవు.

నీ కొడుకు పాత్ర గురుకులంలో చదివాడన్నావు. అప్పుడు మన జిల్లాలోనే ఉన్న సర్వేల్‌లో 1971లో మొదటి గురుకులం పెట్టారు. అందరి పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తినే చోటు అది. అంటే తండ్రికి దొరకని వరస కొడుక్కి పదేళ్ళప్పుడే దొరికింది. మరి అక్కడ నేర్చుకున్నది సెలవులకు ఊరికి పోయినప్పుడు ఏం చేసేవాడు? హోటల్లో బెంచీ మీద కూర్చునేవాడా? కూర్చుంటే తండ్రి దూరం నుంచి చూసి సంతోషించేవాడా, భయపడేవాడా? రెండూనా? సోఫా దగ్గర జరిగినదాని వేర్లు అక్కడున్నాయి.

భార్య పాత్ర గురించి కూడా చెప్పాలి. కథ మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు. నువ్వు కావాలని రాసి ఉంటే శెభాష్. తెలియక రాసి ఉంటే మళ్ళీ చూసుకో.

ముందుమాట అడిగావు. కథ తిరగరాసినాక మాట్లాడుదాం. కలం పేరు సంగతి నాకు తెలియదు, నీ ఇష్టం. పోటీకి పంపే తొందర ఉంటే మానుకో, వాళ్ళు పదాలు లెక్కపెట్టి మొదట కోసేది ఇట్లాంటి పేరాలే. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తీయించి పోస్టులో పంపు, ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాదు. దసరాకు ఇటు వస్తే ఇంటికి రా, గడియారం సెంటర్లో దిగి ఫోన్ చెయ్యి.

ఉంటాను.