నీ బొమ్మలో లేని గీత

చిట్టితల్లీ,

నువ్వు సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్ చేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ రోజంతా నేల మీద నిలవలేదు నేను. నువ్వు పంపిన వైరింగ్ బొమ్మ చూశాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

రెండు హంబకర్లకి, అంటే తీగల కదలికని పట్టే జంట కాయిల్ పికప్‌లకి, నాలుగు నాబ్‌లు, మూడు బుల్లి స్విచ్‌లు ఎందుకమ్మా? వాయిస్తూ వాయిస్తూ చెయ్యి వెతుక్కోవలసిన స్విచ్ ఉన్నా లేనట్టే. ఒక వాల్యూమ్, ఒక టోన్, ఒక త్రీ-వే స్విచ్ పెట్టు. కాయిల్ స్ప్లిట్, అంటే జంటలో ఒక్క కాయిల్‌నే పలికించడం, కావాలంటే టోన్ నాబ్ కింద, పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ వెయ్యి. హంబకర్లు కాబట్టి పాట్‌లు 500కె, టోన్ కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. ఇవన్నీ నీకు తెలిసినవే.

పుష్-పుల్ పాట్ మామూలుదాని కన్నా చాలా లోతు తీసుకుంటుంది. సామానంతా చేతికొచ్చి, ఒక్కొక్కటీ కొలిచేదాకా చెక్క తొలిచే రూటర్ ముట్టుకోకు. పైనుంచి చూసి గీసిన బొమ్మ, వెనక కేవిటీ, అంటే ఈ సామాను కూర్చునే గుంట, తవ్వేటప్పుడు అద్దంలోలా తిరగబడుతుంది. ట్రేసింగ్ కాగితం మీద అసలు సైజులో గీసి, బోర్లా తిప్పి అంటించుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నీ బొమ్మలో పికప్ వైర్లున్నాయి, జాక్ వైరుంది. తీగలు ఆనే బ్రిడ్జి నుంచి కేవిటీలోకి వచ్చే గ్రౌండ్ వైరు లేదు.

మీ అమ్మ గిటార్ మీద, బ్రిడ్జి పక్కన నల్లటి చుక్క ఉంది కదా. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి "ఏంటిది మామయ్యా?" అని అడిగేదానివి. గిటార్‌కి పుట్టుమచ్చ అని చెప్పేవాణ్ణి. పుట్టుమచ్చ కాదు తల్లీ, నేను పొడిచిన పోటు.

అక్క కోసం చేసిన గిటార్ అది. లక్కర్ పూతలు వేసి, ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ వేసి, చివరికి మొహం కనిపించేలా మెరుగు తెచ్చాను. తీగలు బిగించి ఆంప్‌కి పెట్టగానే గుయ్‌మని హమ్. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గాలి, తగ్గలేదు. జాక్ ప్లేట్ మీద వేలు పెడితే తగ్గింది. అప్పుడు వెలిగింది, తీగలకి గ్రౌండే లేదని. బ్రిడ్జికి వైరు వెళ్లే కన్నం వెయ్యడమే మర్చిపోయాను.

అక్కడైనా ఆగాల్సింది. బ్రిడ్జి స్టడ్ బుషింగ్, అంటే బ్రిడ్జి మర దిగే లోహపు గొట్టం, పీకి, ఆ గుంటలోంచి కిందకి, కేవిటీ వైపు ఏటవాలుగా డ్రిల్ చేస్తే పైచెక్కకి ఏమీ కాదు. బుషింగ్ పీకితే లక్కర్ పెచ్చు లేస్తుందని భయపడ్డాను. కేవిటీలోంచి పైకి, కంటి అంచనాతో, పొడవాటి బిట్ పెట్టి తోశాను. చెక్క చిట్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. బిట్ మొన పైకి పొడుచుకొచ్చింది, దాని చుట్టూ గోరంత లక్కర్ ఎగిరిపోయింది. నల్ల చేవ ముక్క చెక్కి అక్కడ పూడ్చాను. అక్క చూసింది, దాన్ని వేలితో తడిమింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి పచ్చిచెక్కగా ఉన్నప్పుడే ఆ కన్నం వెయ్యి. వైరు కొస ఒలిచి, స్టడ్ గుంటలోకి మడిచి, దాని మీద బుషింగ్ దింపు. మెడ వైపు పికప్ వైరు దారి కూడా మెడ అతికించకముందే తొలువు, తర్వాత డ్రిల్ పట్టదు. కేవిటీ లోపల హమ్ ఆపడానికి రాగి రేకు అతికించాక దాన్నీ గ్రౌండ్‌కి కలుపు. రేకుకి సిగ్నల్ మోసే హాట్ వైరు తగిలిందా, గిటార్ మూగబోతుంది. పాట్ వీపు మీద సోల్డర్ వేసేముందు గరుకు కాగితంతో రుద్దు. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడిగా ఉండాలి, పని చప్పున అయిపోవాలి. నాన్చితే లోపలి కార్బన్ పొర పాడవుతుంది. ఆఖర్న మల్టీమీటర్ ఒక కొస తీగ మీద, రెండోది జాక్ స్లీవ్ మీద, అంటే జాక్‌లో గ్రౌండ్ కలిసే భాగం మీద, పెట్టి చూడు. దాదాపు సున్నా ఓమ్‌లు చూపించాలి.

ఇంకొకటి. తీగలు గ్రౌండ్‌కి కలిశాయంటే, ఆంప్ ద్వారా నీ చేతులు కూడా కలిసినట్టే. ఎదుట మైక్‌కి ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు నీలోంచే దారి చూసుకుంటుంది. 1972లో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్ట్ లెస్ హార్వీ స్వాన్సీలో వేదిక మీదే, ఎర్త్ లేని మైక్ ముట్టుకుని పోయాడు. ఆంప్ ప్లగ్ మూడో పిన్నుని, అంటే ఎర్త్ పిన్నుని, ఎవరు విరవమన్నా విరవకు. ఈ విషయంలో నీ మొండితనం నాతో చూపించొద్దమ్మా, బతిమాలుతున్నాను.

బొమ్మ మళ్లీ గియ్యి. బ్రిడ్జి వైరు ఎర్ర పెన్సిల్‌తో పెట్టు. అది నాకు పంపి, నేను ఫోన్ చేసేదాకా చెక్క కొయ్యకు. ఏ వేళైనా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

నీ మామయ్య