మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి సంగతి తేల్చుకోండి

మీ బాబుకు 19 నెలలు, రెండే మాటలు పలుకుతున్నాడు, మీరు చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటున్నాడు, కావలసినది వేలితో చూపిస్తున్నాడు అని రాశారు. ఇంట్లో అందరూ "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాడే మాట్లాడతాడు" అంటున్నారు, ఆగాలా, డాక్టరుకు చూపించాలా అన్నది మీ ప్రశ్న. చూపించండి, ఆలస్యం చేయకండి. అలాగని గుండెలు అరచేతిలో పెట్టుకుని వెళ్లనక్కర్లేదు. మీరు రాసినవాటిలో ధైర్యమిచ్చే విషయాలే ఎక్కువగా ఉన్నాయి.

మా అమ్మాయికి ఏడాదిన్నర వచ్చేనాటికి "అమ్మ" తప్ప స్పష్టమైన మాట లేదు. నవ్వేది, చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది, దాగుడుమూతలు ఆడేది. పుట్టగానే చేసిన వినికిడి పరీక్షలో ఏ లోపమూ లేదని వచ్చింది కాబట్టి చెవుల మీద ఎవరికీ అనుమానం లేదు. నాకు మాత్రం ఒక సంగతి పదేపదే కనిపించేది. ఎదురుగా కూర్చుని పిలిస్తే వెంటనే చూసేది. అదే వెనక నుంచి మామూలు గొంతుతో పిలిస్తే ఒక రోజు తిరిగేది, ఒక రోజు తిరిగేది కాదు. "ఆటలో పడితే ఏ పిల్లలైనా అంతే" అన్నారు. కానీ జలుబు చేసినప్పుడల్లా అది మరీ ఎక్కువయ్యేది. ఆ ఒక్క ముక్క చెప్పగానే డాక్టరు వినికిడి పరీక్షకు రాసిచ్చారు.

పరీక్ష ఎలా ఉంటుందోనని మీరు బెంగపడుతున్నారు కదా, చెబుతాను. పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టారు. గదిలో రెండు పక్కలా స్పీకర్లు, వాటి దగ్గర పెట్టెల్లో బొమ్మలు. శబ్దం వచ్చిన వైపు తల తిప్పితే అక్కడి పెట్టెలో దీపం వెలిగి బొమ్మ కదులుతుంది. ఆ బొమ్మను చూడాలనే ఆశతో పిల్లలు శబ్దాన్ని వెతుకుతారు. పెద్ద శబ్దాలకు మా అమ్మాయి గబుక్కున తిరిగింది. శబ్దం తగ్గిస్తూ వచ్చారు. నాకు ఇంకా స్పష్టంగా వినబడుతూనే ఉంది, తను మాత్రం నా వేళ్లతో ఆడుకుంటూ ఉండిపోయింది. ఆ తర్వాత టింపనోమెట్రీ చేశారు. చెవిలో మెత్తటి చిన్న గొట్టం ఉంచి కర్ణభేరి ఎంత కదులుతోందో కొలుస్తారు, క్షణాల్లో అయిపోతుంది. మామూలు చెవికి తెర మీద గీత పైకి లేచి దిగుతుంది. మా అమ్మాయికి రెండు చెవులకూ గీత లేవనే లేదు, అడ్డంగా సాగిపోయింది. కర్ణభేరి వెనక నీరు చేరిందన్నమాట. నొప్పి లేదు, జ్వరం లేదు, చీము కారడం లేదు, ఇక ఎవరికి తెలుస్తుంది?

చెవికీ గొంతుకూ మధ్య ఉండే నాళం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు తర్వాత చెవిలో నీరు సులువుగా నిలుస్తుంది. చాలామందికి మూడు నెలల లోపు దానంతట అదే తగ్గిపోతుంది, కాబట్టి డాక్టర్లు కూడా ముందు వేచి చూస్తారు. తగ్గకపోతేనే చిక్కు. ఆ చెవితో వినడం నీళ్లలో తల ముంచి విన్నట్టే: ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ ఏమన్నారో విడిపడదు. స, ఫ వంటి మెల్లని ధ్వనులు ముందు జారిపోతాయి. మా అమ్మాయికి నీరు తగ్గలేదు కాబట్టి కర్ణభేరిలో సన్నని గొట్టాలు వేశారు. ఆ తర్వాత వెనక నుంచి ఎప్పుడు పిలిచినా తిరగడం మొదలుపెట్టింది.

మీ బాబుకూ ఇదే ఉందని నేను అనడం లేదు. కానీ మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా మొదట తేల్చుకోవలసింది వినికిడి. పుట్టినప్పటి పరీక్ష ఆనాటి సంగతి మాత్రమే చెబుతుంది.

పెద్దలు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. రెండేళ్లకు మాటలు తక్కువగా ఉన్న పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. అయితే వారిలో ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ముందుగా ఎవరూ చెప్పలేరు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో 18 నెలలకు అమ్మ, నాన్న కాక కనీసం మూడు మాటలు అనే ప్రయత్నం, రెండేళ్లకు రెండేసి మాటలు కలపడం, రెండున్నరేళ్లకు సుమారు 50 మాటలు అని ఉంటుంది. ఇవి సగటులు కావు, నూటికి 75 మంది పిల్లలైనా ఆ వయసుకు చేసేవి. మాటలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఉదారంగా ఉండండి. కుక్కను చూసిన ప్రతిసారీ "బౌ" అంటే అదీ మాటే. ఇంట్లో రెండు భాషలుంటే రెండింటి మాటలూ కలిపి లెక్కపెట్టండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు, ఎవరో చెప్పారని ఒకటి మానేయకండి. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయన్న సలహా కూడా వినకండి. అది కొన్ని ధ్వనుల ఉచ్చారణకు అడ్డు రావచ్చేమో కానీ మాటలు రాకుండా ఆపదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది వేలితో చూపించడం. కావలసినదానికే కాదు, ఆకాశంలో విమానం పోతుంటే "నువ్వూ చూడు" అన్నట్టు చూపించి మీ మొహం వైపు తిరుగుతున్నాడా? అలా చేస్తుంటే చాలా మంచి సూచన. 18, 24 నెలల వయసులో పిల్లలందరికీ ఆటిజం ప్రశ్నావళి నింపించాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ సిఫార్సు. డాక్టరు ఆ కాగితం ఇస్తే కంగారు పడకండి, అది నిర్ధారణ కాదు. ఉన్న మాటలు పోవడం మొదలైతే మాత్రం ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగకండి.

ఇంట్లో చేయవలసినది ఈ రోజే మొదలుపెట్టవచ్చు. స్పీచ్ థెరపిస్టు మాకు నేర్పినవాటిలో బాగా పనిచేసింది ఆగడం. బంతి పట్టుకుని, నా మొహం పాప మొహానికి ఎదురుగా వచ్చేలా నేల మీద కూర్చుని, "బంతి" అని ఒక్కసారి అని ఊరుకోవాలి. "అను, అను" అనకూడదు. ఆ నిశ్శబ్దం భరించడం కష్టం. పాప బంతిని చూసేది, నా పెదవులను చూసేది, మళ్లీ బంతిని. తన పెదవులు కలిసి "బ" అని రాగానే బంతి దొర్లించేదాన్ని. "సరిగ్గా చెప్పు" అని ఆపేదాన్ని కాదు, "పెద్ద బంతి" అని ఒక మాట చేర్చేదాన్ని. ఈ పని ఫోనులోని వీడియోల వల్ల కాదు. 2003లో, పసిపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే పెట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించినవారి నుంచి పిల్లలు ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు, అదే మనిషిని టీవీలో చూసినవారు పట్టుకోలేదు.

"రెండేళ్లు నిండాక రండి" అని డాక్టరు అంటే, కనీసం వినికిడి పరీక్షకైనా రాసివ్వమని గట్టిగా అడగండి. బాబు ఆడుకుంటుండగా చిన్న వీడియో తీసి పట్టుకెళ్లండి, కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు. ఏ పరీక్ష చేస్తారో ముందే ఫోను చేసి కనుక్కోండి. ఒళ్లో కూర్చుని తల తిప్పే పరీక్షకు నిద్ర తీరి హుషారుగా ఉండాలి. శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే బెరా పరీక్ష అయితే సాధారణంగా నిద్రలో చేస్తారు, అప్పుడు అక్కడ నిద్రపోయేలా ముందు నిద్రపుచ్చకుండా తీసుకెళ్లాలి.