అండమాన్ పోతున్న బిడ్డకు తాత రాసేది

దేవరకొండ

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, టమాటా ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "నాయినా, పిల్ల వాళ్లు జనవరి ఆఖర్న అండమాన్ పోతున్నరంట, బుజ్జిదాన్ని కూడా తీసుకపోతరంట." మంచిదే అన్నాను. ఫోన్ పెట్టేసి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీశాను. ఆ పూట అన్నం సహించలేదు. ఏమైందని మీ అమ్మమ్మ అడిగితే ఎండకు అట్లా ఉందన్నాను. ఈ చలికాలంలో ఎండేందని ఆమె అడగలేదు.

సంతోషం లేదనుకోకు. ముప్పై ఒక్క ఏళ్లు భుజాన టికెట్ల బ్యాగు వేసుకుని తిరిగినవాణ్ని. తిరిగిన దూరమంతా కలిపితే భూమిని ఎన్నిసార్లు చుట్టి వద్దునో, సముద్రం చూసింది మాత్రం రెండే సార్లు. నా మనవరాలు ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని సముద్రం మీదుగా ఎగిరిపోతానంటే డిపోలో నాతో పనిచేసిన వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఇద్దరికి చెప్పాను కూడా.

గుబులు పుట్టింది ఊరి పేరు దగ్గర. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కదా. మీ అమ్మ నోట విజయపురం అని వినగానే నాకు అండమాన్ కాదు, విజయపురి సౌత్ కళ్ల ముందుకొచ్చింది. మన సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కే చోటు. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు చిన్నవి అయిపోనీ.

పిల్ల బర్త్ సర్టిఫికెట్ పెట్టుకో. రెండేళ్లలోపు పిల్లను విమానంలో ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు గానీ వయసుకు రుజువు అడుగుతారు. మా బస్సుల్లో అయిదేళ్లు నిండితే హాఫ్ టికెట్. నా సర్వీసులో అయిదేళ్లు నిండిన పిల్లను ఒక్కదాన్నీ చూడలేదు, మీసాలు మొలుస్తున్న వాడికి కూడా తల్లి నాలుగేళ్లే అనేది. విమానం వాళ్ల దగ్గర ఆ ఆట సాగదు.

విమానం దిగేటప్పుడు చెవులు బిగుసుకుంటాయి. అప్పుడు పాలు పట్టు, మింగుతుంటే చెవులు వదులవుతాయి. ఎండ ముదరకముందే బీచ్ నుంచి రూముకు వచ్చేయండి. చేతుల నిండా కాటన్ చొక్కా, టోపీ. దోమతెర మడిచి పెట్టెలో పెట్టుకో. ఇసుకలో కంటికి ఆనని ఈగలుంటాయి, అవి కుడితే రోజుల తరబడి దురద, కాబట్టి పిల్లను ఉత్త ఇసుకలో కూర్చోబెట్టకు. మొసళ్లున్నాయని బోర్డు పెట్టిన చోట నీళ్లలో దిగకండి. అల్లుడికి ఈత వచ్చన్న సంగతి మొసలికి తెలియదు. అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. మన టైం లెక్కలో ఉండి బీచ్‌లో చిక్కుకోకండి.

నీళ్ల మాట. నీకు నవ్వొస్తుంది, నవ్వుకో. మన నల్గొండ వాళ్లకు నీళ్ల భయం ఎముకల్లో ఉంది, ఉత్తమాటగా అనడం లేదు. మర్రిగూడ వైపు ట్రిప్పుల్లో, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముప్పై ఏళ్లకే నడుం వంగినవాళ్లను చెయ్యి పట్టి బస్సెక్కించాను నేను. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది, అదీ మనకున్న ప్రఖ్యాతి. కాచిన నీళ్లయితే చాలు కదా అంటావు. క్రిములకు చాలు. ఫ్లోరైడ్ కాగితే పోదు, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అండమాన్‌లో నీ భయం ఫ్లోరైడ్ కాదులే, క్రిములే. సీలు తీయని సీసా నీళ్లు కొని, వాటినే మళ్లీ కాచి, పిల్ల ఉగ్గుకు వాడు. హోటల్ కెటిల్‌లో మొదటిసారి కాగిన నీళ్లు పారబోయి. నీకన్నా ముందు ఎవరు అందులో కోడిగుడ్లు ఉడకబెట్టారో ఎవరికి తెలుసు.

ఇక సాగర్ సంగతి.

1981 మే నెల. మీ అమ్మకు పది నెలలు. నాకు కొత్తగా కుటుంబానికి పాస్ వచ్చింది. ఏడాదిగా ఇల్లు దాటని మనిషికి ఏదైనా చూపించాలని నాకు సరదా. ఎండలు తగ్గాక పోదామని మీ అమ్మమ్మ అంటే వినలేదు. తెల్లారుజాము బస్సుకు మల్లేపల్లి మీదుగా సాగర్ చేరి, ఆవలి గట్టుకు పోయి లాంచీ ఎక్కాం. డ్యాం కట్టకముందు ఆ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని ఉండేదని, దాని పేరు కూడా విజయపురేనని, మునిగేలోపు తవ్వి తీసిన శిల్పాలన్నీ కొండ మీద మ్యూజియంలో పెట్టారని బస్సులో వినిపించుకుంటూ వచ్చాను. కండక్టర్‌కు నోరు ఊరుకోదు.

మీ అమ్మ అప్పటికి తల్లిపాలే ఎక్కువ తాగేది. నేనేం చేశాను? లాంచీలో ఇంతమంది మగవాళ్ల ముందు పాలెట్ల ఇస్తవని ముందురోజే అన్నాను. కోఠిలో కొన్న కొత్త ఫ్లాస్కు ఉంది నా దగ్గర, ఎర్రది, దాన్ని నలుగురికీ చూపించాలని కూడా ఉంది. పొద్దున నాలుగింటికి బర్రెపాలు కాచి, వేడివేడిగా అందులో పోసి మూత బిగించాను. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న పాలలో క్రిములు ఎంత సుఖంగా పెరుగుతాయో నాకేం తెలుసు? వేడిగా ఉంటే చెడిపోవనుకున్నాను.

పన్నెండింటికి కొండ మీద ఆ పాలు సీసాలో పోసి పట్టాం. వాసన వస్తుందని మీ అమ్మమ్మ అన్నది. కొత్త ఫ్లాస్కు వాసన అన్నాను. రెండున్నరకు మొదలైంది. కక్కింది, నీళ్ల విరేచనాలు. ఒకటి, రెండు, నాలుగు. అప్పుడే గాలి లేచింది, నీళ్లు ఎగిసిపడుతున్నాయని లాంచీ ఆపారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది బిడ్డా, కానీ పోలేం. బస్సు పోతే ఇంకో బస్సు, అదీ లేకపోతే లారీ, ఏదీ లేకపోతే నడక. నా బతుకంతా నాకు తెలిసింది అదే. చుట్టూ నీళ్లుంటే ఏం చేయాలో ఏ డిపోలోనూ చెప్పలేదు.

చెట్టు కింద మాతో పాటు ఒక పెద్దావిడ కూర్చుంది. "పాలు, నీళ్లు బంద్ చెయ్యుండ్రి, పోసినకొద్ది పోతనే ఉంటది" అన్నది. ఆమెను ఏమీ అనను, ఆ రోజుల్లో అందరూ అదే అనేవాళ్లు. నాకు ఆ మాట బుద్ధికి సరిగ్గానే తోచింది, కన్నం పడ్డ కుండలో నీళ్లు పోయడమెందుకని. మీ అమ్మమ్మ కొంగు తీసి పాలు పట్టబోయింది. వద్దన్నాను. ఇంకోసారి పట్టబోయింది. గట్టిగా అరిచాను, నలుగురిలో. పిల్ల తల అటే తిప్పుకుంటుంది, నోటితో కొంగు వెతుక్కుంటుంది, నేను లాక్కుని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను. మూడు గంటలు బిడ్డా. చుట్టూ కనుచూపు మేర నీళ్లు, నా భుజం మీద నోరెండిపోయిన పిల్ల. కాసేపటికి ఏడుస్తుంటే కన్నీళ్లు రాలేదు. ఆ తర్వాత ఏడవడం కూడా మానేసింది. నిమ్మళించింది అనుకున్నాను.

మునిమాపు వేళకు లాంచీ కదిలింది. ఒడ్డు దిగి ఆస్పత్రికి ఉరికాం. నర్సమ్మ పిల్ల కడుపు మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. పట్టింది పట్టినట్టే నిలబడింది. మాడు మీద చెయ్యి పెట్టి చూసింది, గుంట పడింది. "పాలు ఎవరు ఆపమన్నరు?" అని కోపంగా అడిగింది. నా నోరు పెగల్లేదు. మీ అమ్మమ్మ అన్నది, "నేనే ఆపిన" అని.

ఆ నర్సమ్మ మీ అమ్మమ్మను తిట్టిన తిట్లు నేను నిలబడి విన్నాను. అవి నావి. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఒక పొడి ప్యాకెట్ నీళ్లలో కలిపి, చెంచాతో ఇంతింత, నిమిషానికోసారి పట్టమన్నది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టమన్నది. మధ్యమధ్యలో తల్లిపాలు. రాత్రంతా చెంచా నా చేతిలోనే ఉంది. తెల్లారేసరికి మీ అమ్మ నా ఖాకీ ప్యాంటు మీద ఉచ్చ పోసింది. చూశావా, చూశావా అని నేను వార్డంతా వినబడేట్టు అరిచాను.

అందుకే ఇవి మాత్రం చేతి మీద రాసుకో. పిల్లకు విరేచనాలైతే పాలు ఆపొద్దు. నీ పాలు అడిగినప్పుడల్లా ఇయ్యి. విమానంలో, బోటులో, క్యూలో, ఎక్కడైనా ఇయ్యి, ఎవరైనా చూస్తే వాళ్లనే అటు తిరగమను. అల్లుడికి మొహమాటం ఉంటే ఈ ఉత్తరం చూపించు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నర్సమ్మ ఇచ్చిన ఆ పొడే, ఇక్కడి నుంచే తీసుకుపో. పెద్ద ప్యాకెట్‌కు లీటరు నీళ్లు, చిన్నవి కూడా ఉంటాయి, దాని మీద ఎంత రాసి ఉంటే అంతే. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పెక్కువై అపాయం. కలిపింది ఒక రోజు దాటితే పారబోయి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు కొనకు. వాటి మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్ముతుంటే మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడింది. 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. పేపర్ కటింగ్ దాచి పెట్టాను. జింక్ మందు కూడా మీ డాక్టర్‌తో రాయించుకో, విరేచనాలు ఆగినా 14 రోజులు ఇవ్వాలంటారు. ఆరు గంటలు ఉచ్చ పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మాడు గుంట పడినా, మత్తుగా పడుకున్నా ఇంకొక చెంచా చూద్దామని ఆగకు. నిమ్మళించింది అనుకోకు.

ఆస్పత్రికే పోవాలంటే, హేవ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, చిన్న ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. పెద్ద అవసరం వస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రే దిక్కు. మధ్యలో బోటు మీద గంటన్నర నుంచి రెండున్నర గంటలు. సముద్రం బాగా లేకపోతే ఆ బోటూ ఉండదు. కాబట్టి కండక్టర్‌గా చెప్తున్నా విను. మీ ప్లాన్‌లో ఆరు రోజుల్లో మూడు ద్వీపాలున్నాయని మీ అమ్మ చెప్పింది. ఒకటి కొట్టేయండి. వెనక్కి వచ్చే విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. అదే రోజు పొద్దున బోటు దిగి మధ్యాహ్నం విమానం ఎక్కుతామని అల్లుడు లెక్క వేసి ఉంటాడు, సాఫ్ట్‌వేర్ లెక్కలు అట్లాగే ఉంటాయి. సముద్రానికి టైంటేబుల్ లేదు. ఏ ద్వీపానికి పోయినా పోయే బోటు కాదు, వచ్చే ఆఖరి బోటు ఎన్నింటికో ముందు అడుగు. రూము బుక్ చేసేముందు ఆస్పత్రి ఎంత దూరమో అడుగు. సముద్రం కిటికీలోంచి కనిపిస్తుందా లేదా అన్నది ఆ తర్వాత.

వద్దని రాయడానికే కూర్చున్నాను నిజం చెప్పాలంటే. రాస్తూ రాస్తూ మనసు మారింది. పోండి. పిల్ల కాళ్లు అలల్లో ఒక్కసారి ముంచు, దాని మొహం ఎట్లా పెట్టిందో నాకు చూపించాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. సిగ్నల్ లేదు తాతా అంటే నమ్మను. బోటు దిగిన ప్రతిసారీ ఒక ఫోన్.

అమ్మమ్మ బియ్యం, పెసరపప్పు వేయిస్తుంది, వాసన ఇక్కడిదాకా వస్తుంది. వేడినీళ్లలో కలిపితే చాలు, ఉగ్గు అయిపోతుంది. అక్కడి హోటల్ తిండి పిల్లకు పెట్టే పని ఉండదు. శనివారం ఆరింటి బస్సుకు నేనే తెస్తాను. స్టాండ్‌కు రావద్దు, నాకు దారి తెలుసు.

ఈ ఉత్తరంలో లాంచీ సంగతి మీ అమ్మకు చెప్పకు, ఆమెకు తెలియదు. అమ్మమ్మకు మాత్రం ఒకసారి ఫోన్ చెయ్యి. ఏమీ అడగకు. ఉగ్గు ఎట్ల కలపాలో అడుగు.

మీ తాత