ఇల్లినాయ్ వచ్చే పిల్లలకు: ఎడ్వర్డ్ కోల్స్ ఎవరో తెలుసుకుని రండి

ఎడ్వర్డ్స్‌విల్‌లోనో చార్ల్స్‌టన్‌లోనో ఎమ్మెస్ సీటు వచ్చిన పిల్లలు ముందు అద్దెల గురించి, తర్వాత కారు గురించి అడుగుతారు. అవి అయ్యాక గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు: "అన్నా, అక్కడ నల్లవాళ్ళు ఎక్కువా? ఏరియా సేఫేనా?" అద్దెల సంగతి మీ సీనియర్లు నాకన్నా బాగా చెబుతారు. ఈ మూడో ప్రశ్నకు మాత్రం వివరంగా జవాబివ్వాలి. మీరు దిగబోయే రాష్ట్రం రెండు వందల ఏళ్ళ కిందట, నల్లవాళ్ళు ఇక్కడ బానిసలుగా ఉండాలా వద్దా అన్నదాని మీదే కొట్లాడుకుంది.

చార్ల్స్‌టన్ ఉన్నది కోల్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ఆ కోల్స్ ఇల్లినాయ్ రెండో గవర్నర్, 1822 నుంచి 1826 దాకా. ఆయనా బయటి నుంచి వచ్చినవాడే. వర్జీనియాలో ఎస్టేటున్న కుటుంబం, అధ్యక్షుడు మాడిసన్ దగ్గర ఆంతరంగిక కార్యదర్శి ఉద్యోగం. తండ్రి పోయాక వాటాగా భూమితో పాటు బానిసలూ వచ్చారు. మనిషికి మనిషి ఆస్తి కాకూడదని ఆయన చదువుకునే రోజుల్లోనే నిశ్చయించుకున్నాడు. 1814లో మాజీ అధ్యక్షుడు జెఫర్సన్‌కి ఉత్తరం రాశాడు, బానిసత్వం పోవడానికి మీరు ముందు నిలబడండి అని. నాకు వయసైపోయింది, ఇది కుర్రాళ్ళు చెయ్యాల్సిన పని, నువ్వు మాత్రం వర్జీనియా వదిలి వెళ్ళకు అని పెద్దాయన బదులిచ్చాడు. కోల్స్ వదిలి వచ్చేశాడు.

1819 వసంతకాలం. పిట్స్‌బర్గ్ దాటి ఒహాయో నది మీద పడవల్లో వస్తూ తన వెంట ఉన్న బానిసలందర్నీ దగ్గరికి పిలిచాడు. ఈ క్షణం నుంచి మీరు స్వతంత్రులు, నాతో రావచ్చు, ఇక్కడే ఒడ్డున దిగి మీ దారిన వెళ్ళనూవచ్చు అన్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే తప్ప ఎవరికీ నోట మాట రాలేదని తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఎడ్వర్డ్స్‌విల్ చేరాక కుటుంబానికి 160 ఎకరాల చొప్పున ఇచ్చి, జూలై 4న విడుదల పత్రాలు చేతిలో పెట్టాడు.

దీని వెనకాల ఒక కోర్టు కేసుంది, కొత్తవాళ్ళకు అది బాగా పనికొస్తుంది. బానిసల్ని తెచ్చి విడుదల చేసేవాళ్ళు తలకు వెయ్యి డాలర్ల పూచీకత్తు రాసివ్వాలని ఇల్లినాయ్ అదే ఏడు మార్చిలో చట్టం చేసింది. అది అచ్చయి జనం చేతికి వచ్చేసరికి కోల్స్ పత్రాలు ఇచ్చేయడం కూడా అయిపోయింది. 1824లో, ఆయన గవర్నర్‌గా ఉండగానే, ఎడ్వర్డ్స్‌విల్ ఉన్న కౌంటీ ఆయన మీద దావా నడిపించి 2000 డాలర్ల జరిమానా వేయించింది. 1826లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ దేశంలో రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. డ్రైవింగ్ లైసెన్సు గానీ అద్దె అడ్వాన్సు గానీ, డాలస్‌లో ఉన్న మీ కజిన్ చెప్పినట్టే ఇక్కడా ఉంటుందనుకోకండి. ఇల్లినాయ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకుని అడుగెయ్యండి.

ఇక గవర్నర్ ఎన్నిక. నలుగురు పోటీ చేస్తే బానిసత్వం కావాలనేవాళ్ళ ఓట్లు చీలిపోయి, మూడో వంతు ఓట్లతో 167 తేడాతో కోల్స్ గెలిచాడు. 1822 డిసెంబర్లో మొదటి ప్రసంగంలోనే, రాష్ట్రంలో మిగిలిన బానిసత్వాన్ని ఎత్తేయండి, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళను ఎత్తుకుపోయి అమ్మేవాళ్ళను ఆపండి అని శాసనసభను అడిగాడు. సభ సరిగ్గా దానికి ఎదురు తిరిగింది. రాజ్యాంగాన్నే తిరగరాసి బానిసత్వాన్ని చట్టబద్ధం చేద్దామని బయల్దేరింది. మూడింట రెండు వంతుల మద్దతుకు ఒక్క ఓటు తక్కువైతే, అప్పటికే సభలో కూర్చున్న హాన్సెన్ అనే సభ్యుణ్ణి తీసేసి ఇంకొకాయన్ని కూర్చోబెట్టి తీర్మానం నెగ్గించుకున్నారు. ఆ రాత్రి అప్పటి రాజధాని వాండేలియా వీధుల్లో బూరలు ఊదుకుంటూ గవర్నర్ ఇంటి ముందుకొచ్చి గోల చేశారు.

ఆ తీర్మానం మీద ఆఖరి మాట ప్రజల ఓటుదే, అందుకే తర్వాత ఏడాదిన్నర ప్రచారం. ఏడాదికి వెయ్యి చొప్పున వచ్చే గవర్నర్ జీతం నాలుగేళ్ళదీ కోల్స్ ఈ పోరాటానికే పెట్టాడు. తోడు నిలిచినవాళ్ళలో మోరిస్ బిర్క్‌బెక్ ముఖ్యుడు. ఇంగ్లండ్ నుంచి వలసవచ్చి ఎడ్వర్డ్స్ కౌంటీలో సేద్యం చేసుకునే మనిషి, జొనాథన్ ఫ్రీమన్ అన్న మారుపేరుతో పత్రికల్లో ఉత్తరాలు రాశాడు. మనకెందుకొచ్చిన గొడవ, వీసా మీద వచ్చాం, పని చూసుకుందాం అనే మాట మన ఇళ్ళల్లో తరచూ వినిపిస్తుంది కాబట్టి ఆయన్ని ప్రత్యేకంగా తలుచుకుంటున్నాను. 1824 ఆగస్టులో రాజ్యాంగాన్ని తిరగరాసే సభ కావాలని 4,972 మంది, వద్దని 6,640 మంది ఓటేశారు. ఆ నవంబర్లో అధ్యక్ష ఎన్నికకు ఇల్లినాయ్‌లో పడిన ఓట్లు దీనిలో సగం కూడా లేవు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. వద్దన్నవాళ్ళలో చాలామందికి నల్లవాళ్ళ మీద ప్రేమ లేదు, ఎస్టేటు దొరలతో పోటీ పడలేమన్న భయం ఉంది. నల్లవాళ్ళను అణచిపెట్టే చట్టాలు ఇక్కడ 1865 దాకా ఉన్నాయి. కోల్స్ మళ్ళీ ఏ ఎన్నికా గెలవక ఫిలడెల్ఫియా వెళ్ళిపోయాడు. ఆయన కొడుకుల్లో ఒకడు అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన నిలిచిన దక్షిణాది సైన్యంలో చేరి 1862లో చనిపోయాడు. కోల్స్ మాత్రం దేశమంతటా బానిసత్వం రద్దవడం కళ్ళారా చూసి 1868లో కన్నుమూశాడు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఏరియా సేఫో కాదో తెలియాలంటే పక్కింటివాళ్ళ రంగు చూడకండి, యూనివర్సిటీ పోలీసుల క్రైమ్ లాగ్ చూడండి. రోజువారీ నేరాల వివరాలు అందరికీ చూపించాలని చట్టమే ఉంది. ఎక్కడ, ఎన్నింటికి, ఏం జరిగిందో అందులో ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే "ఆ వీధికి వెళ్ళకండి" మాటల్ని దాంతో సరిచూసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఇంకొకటి, మనవాళ్ళు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. నల్లవాళ్ళు పౌరహక్కుల కోసం వీధుల్లో దెబ్బలు తిని సాధించిన మార్పుల కాలంలోనే అదీ వచ్చింది. ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాడు మీ రంగు చూసి కుదరదనకూడదన్న చట్టం 1968 నాటిది, అదీ వాళ్ళ పోరాట ఫలితమే.

సెమిస్టర్ మొదలయ్యే ముందు ఒక శనివారం ఎడ్వర్డ్స్‌విల్‌లో వ్యాలీ వ్యూ శ్మశానం దగ్గరున్న కోల్స్ స్మారకం చూడండి. అక్కడి నుంచి ఐ-70 హైవే ఎక్కితే గంటలో వాండేలియా. పాత శాసనసభ భవనం 1836లో కట్టింది, కోల్స్ పనిచేసింది అందులో కాదు, కానీ ఊరు అదే. వెళ్ళేముందు తెరిచి ఉండే వేళలు చూసుకోండి.